వేపకింద పడుకోవచ్చు, చింతకింద పడుకోకూడదు

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక స్టాల్ వెలిసింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ల్యాప్‌టాప్, వేలిముద్రలు తీసుకునే చిన్న మిషను, వెనకాల ఐన్‌స్టీన్ బొమ్మతో ఫ్లెక్సీ. పిల్లవాడి పది వేళ్లూ అందులో పెడితే వాడికి పుట్టుకతో ఎంత తెలివి ఉందో, ఇంజనీరింగుకి పనికొస్తాడో లేదో ముప్ఫై పేజీల రిపోర్టులో చెప్పేస్తారట. నాలుగున్నర వేలు. ఆ రోజు ఆఫర్ కాబట్టి మూడు వేల ఐదొందలు. నేను పైన పేపరు చదువుతూ కూర్చున్నాను. కిందికి దిగేసరికి మా ఆవిడ డబ్బు కట్టేసింది, మావాడు బొటనవేలు చొక్కాకి తుడుచుకుంటున్నాడు.

వారం తిరిగేసరికి స్పైరల్ బైండింగ్‌తో రిపోర్టు వచ్చింది. మావాడికి లాజిక్ ఎక్కువట, సంగీతం తక్కువట. ప్రతి పేజీలోనూ 'పుట్టుకతో వచ్చిన' అనే మాట. సాయంత్రం మా బావమరిది వచ్చి పేజీలన్నీ తిప్పి మురిసిపోయాడు. "చూశావా బావా, ఇది మా నాన్న లెక్కల బుర్ర. ఇవన్నీ రక్తంలో ఉండాలి. కోచింగులతో వచ్చేవి కావు." ఆ మాట అన్న మనిషే తన కూతుర్ని ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్‌లో వేశాడు. సరే, ఇంటి అల్లుడిగా నేను అప్పుడేమీ అనలేదు.

వేలి గీతలు తల్లి కడుపులో మూడు నాలుగు నెలలప్పుడు ఏర్పడతాయి. పిల్లవాడు ఇంజనీరవుతాడా లాయరవుతాడా అన్నది వాటిలో రాసి ఉండదు. పోయిన డబ్బు పోయింది, దాని గురించి ఇంతకంటే రాయను. నన్ను పట్టుకుని వదలనిది ఆ 'పుట్టుకతో' అన్న మాటే. ఎందుకంటే వేలిముద్ర మా నాయనమ్మ కూడా వేసేది. సంతకం రాక.

ఆమెది నల్లగొండ దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్లకు పెళ్లయింది, తొమ్మిది కాన్పులు, బతికింది ఐదుగురు. బడి గడప తొక్కలేదు. నేను 1990ల చివర్లో హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ, లైబ్రరీలో ఒక సైకాలజీ పుస్తకం తిరగేస్తుంటే అలెగ్జాండర్ లూరియా అనే రష్యన్ శాస్త్రవేత్త సంగతి కనబడింది. ఆయన 1931, 1932లలో ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్లి, చదువురాని రైతుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు. మంచు కురిసే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. ఫలానా ఊరు ఉత్తరాన మంచులో ఉంది. మరి అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు? రైతుల జవాబు: మేం చూడలేదు, చూడనిదాని గురించి ఎలా చెప్తాం, చూసినవాణ్ని అడగండి.

అది చదివిన హుషారులో సంక్రాంతి సెలవులకు ఊరెళ్లి నాయనమ్మ మీద ప్రయోగం మొదలుపెట్టాను. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"నాయనమ్మా, యాపచెట్టుకు చింతచెట్టుకు పోలికేంది?"

"పోలికేంది రా? యాపకింద పండుకోవచ్చు. చింతకింద పండుకోవద్దు."

"అది తేడా. పోలిక చెప్పు."

కాసేపు ఆలోచించింది. "యాపపుల్లతోని పండ్లు తోముకుంటం. చింతపండు చారుల పోసుకుంటం. రెండూ నోట్లకే."

"రెండూ చెట్లే గద నాయనమ్మా!"

చేతిలో గింజ పక్కన పెట్టి నా మొహం వంక చూసింది. "గది తెల్వనోడు ఎవడన్నా ఉంటడా? పట్నంల గివే సదువుతున్నవా?"

తెలివిని కొలిచే ఐక్యూ పరీక్షల్లో ఇలా పోలిక చెప్పమనే భాగం ఒకటి ఉంటుంది. 'రెండూ చెట్లే' అంటే పూర్తి మార్కులు. 'కింద పడుకోవచ్చు, పడుకోకూడదు' అంటే సున్నా. అదే నాయనమ్మ కళ్లం దగ్గర కూర్చుంటే గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అంటూ రెట్టింపులూ సగాలూ నోటితోనే వేసి, పదిమంది కూలీలకు గింజ తేడా లేకుండా వడ్లు కొలిచి పంపేది. మా నాన్న కాగితం మీద వేసేసరికి ఆమె చాట దులుపుకుని లేచేది. ఇప్పటి పరీక్ష ఆమెకు పెట్టి ఉంటే కాగితం మీద మందబుద్ధి అని వచ్చేది. ఆ మాట ఆమె ముందు అనడానికి మాత్రం గుండె ధైర్యం కావాలి.

నేను ఊరికే ముచ్చటకు అంటున్న మాట కాదిది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేమ్స్ ఫ్లిన్ సరిగ్గా ఈ చిక్కు ముందే తల పట్టుకున్నాడు. మనకు ఎంసెట్ తెలుసు కాబట్టి తేలిగ్గా చెప్పొచ్చు: ఐక్యూ అనేది మార్కు లాంటిది కాదు, ర్యాంకు లాంటిది. ఏ తరానికి ఆ తరం సగటును 100 అని పెట్టుకుంటారు. కొన్నేళ్లకోసారి పరీక్షను కొత్త పిల్లలతో సరిచూసి మళ్లీ 100 దగ్గర కడతారు. అందుకే చూడటానికి సగటు ఎప్పుడూ కదలదు. కానీ ఇప్పటి పిల్లలకు పాతకాలం పేపరు ఇచ్చి, పాతకాలం వాల్యుయేషనే చేస్తే? ఫ్లిన్ 1984లో అమెరికా లెక్కలు అలా తిరగేసి చూపించాడు: పదేళ్లకు సుమారు 3 పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. 1987లో 14 దేశాల లెక్కలు బయటపెట్టాడు. నెదర్లాండ్స్‌లో సైన్యం పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లకు ఒకటే పరీక్ష ఏళ్ల తరబడి పెట్టింది. 1952 కుర్రాళ్లకూ 1982 కుర్రాళ్లకూ తేడా సుమారు 20 పాయింట్లు. అంటే తండ్రికీ కొడుక్కీ మధ్య.

ముప్ఫై ఏళ్లలో రక్తం మారదు. జన్యువులు అంత తొందరగా కదలవు. మారింది ఇంటి చుట్టూ ఉన్నదే.

ఇందులో నాకు మరీ నచ్చిన వివరం ఇంకోటి ఉంది. అమెరికా పిల్లల్లో 1947 నుంచి 2002 దాకా పోలికలు చెప్పే భాగంలో 24 పాయింట్లు పెరిగితే, లెక్కల భాగంలో పెరిగింది రెండు పాయింట్ల చిల్లర. నిజంగానే జనం మొత్తానికి బుర్ర పెరిగి ఉంటే అన్నీ సమానంగా పెరగాలి కదా. పెరిగింది లోకాన్ని వర్గాలుగా, నియమాలుగా చూసే అలవాటు. అది బడి నేర్పే అలవాటు. 2018లో రిచీ, టకర్-డ్రాబ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరు లక్షల మందికి పైగా మనుషుల లెక్కలు కలిపి చూస్తే, బడిలో గడిపిన ఒక్కో అదనపు ఏడాదికి 1 నుంచి 5 పాయింట్ల దాకా తేడా వచ్చింది. మా నాయనమ్మ కాలానికీ నా కాలానికీ మధ్య దేశంలో జరిగింది కూడా ప్రధానంగా అదే. 1951లో దేశంలో అక్షరాస్యులు 18 శాతం, 2011లో 74 శాతం.

మొన్న మావాణ్ని అదే ప్రశ్న అడిగాను. సగం వినకుండానే "రెండూ ట్రీస్ నాన్నా" అన్నాడు. పూర్తి మార్కులు. సరే, వేపచెట్టు ఏదో చూపించరా అంటే గేటు దగ్గరున్న కానుగచెట్టు చూపించాడు. రెండు తరాల్లో వచ్చిందేమిటో పోయిందేమిటో ఆ ఒక్క నిమిషంలో నాకు అర్థమైంది. వచ్చింది చిన్నదని నేననను. ఆ అలవాటు లేకపోతే వాడు కంప్యూటర్ ముందు కూర్చోలేడు, నేను ఈ వ్యాసం రాయలేను.

అయితే బడి ఒక్కటే చాలదు. బడికి వచ్చే బుర్ర అంతకుముందే తయారై ఉండాలి, అది తయారయ్యేది తల్లి కడుపులో, మొదటి ఐదారేళ్లలో. ఈ విషయం తెలుసుకోడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, తార్నాక దాకా పోతే చాలు. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది 1918లో కూనూరులో, హైదరాబాద్‌కి వచ్చింది 1958లో. వాళ్లు 1987 నుంచి 1990 దాకా నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పని చేశారు. 15 పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ అదనపు ఆహారం. మిగతా 14 పల్లెల్లో అది లేదు. పదిహేనేళ్ల తర్వాత వెళ్లి చూస్తే, తిండి అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. తర్వాతి పరిశీలనల్లో చదువులోనూ వాళ్లే ముందున్నారని తేలింది. ఏ కోచింగూ లేదు, ఏ రిపోర్టూ లేదు. ఊళ్లో వండి పెట్టిన ఒక పూట తిండి.

ఇక ఉప్పు. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్న వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల అడుగున కాంగ్రా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. అక్కడ గొంతు కింద గడ్డలు సర్వసాధారణం. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లలోనే అయోడిన్ ఉప్పు తిన్నచోట గడ్డలు తగ్గుముఖం పట్టాయి. 1962లో దేశవ్యాప్త కార్యక్రమానికి అదే పునాది. గడ్డ పైకి కనబడేది. కనబడనిది లోపల బిడ్డ మెదడుకు జరిగే నష్టం. అయోడిన్ బాగా కొరవడిన ప్రాంతాల పిల్లలకూ సరిపడా అందిన పిల్లలకూ మధ్య తేడా సుమారు 12, 13 ఐక్యూ పాయింట్లని అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. చెంచాలో ఒక మూలకి కూడా రాదు. మన ఇళ్లలో ఆయన ఫొటో ఎక్కడా ఉండదు. ఐన్‌స్టీన్‌ది మాత్రం ఫ్లెక్సీల మీద కూడా ఉంటుంది.

మా బ్లాకులో ఇప్పుడు కొత్త సరదా, గులాబీ రంగు రాతి ఉప్పు. ప్యాకెట్ ఉప్పు కెమికలట. తరాల వెనక్కి పోవడానికి కూడా కిలోకి నాలుగింతల రేటు కడుతున్నాం. కడుపుతో ఉన్న ఒక పక్కింటమ్మాయికి ఈ సంగతి చెప్పబోతే, "అంకుల్, ఇది నేచురల్" అంది. అయోడిన్ లేకపోవడం కూడా నేచురలే అమ్మా అన్నాను. ఆ మాట మరీ ఘాటుగా వచ్చినట్టుంది, లిఫ్టులో ఇప్పటికీ పలకరించదు.

ఇదంతా చెప్తే మా బావమరిది ఒప్పుకోలేదు. వాడూ మొండివాడే, పైగా చదువుకున్నవాడు. "కవల పిల్లల మీద చేసిన పరిశోధనలు చూడు బావా. తెలివిలో సగానికి పైగా వంశం నుంచే అని వాళ్లే చెప్తున్నారు కదా." నిజమే, చెప్తున్నారు. ఆ పరిశోధనలు తప్పు కాదు. వాటినుంచి వాడు తీస్తున్న అర్థమే తప్పు.

దీనికి రిచర్డ్ లెవాంటిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లో ఒక విత్తనాల పోలిక చెప్పాడు. దాన్ని మన పొలంలో పెట్టి చూద్దాం. రకరకాల విత్తనాలు కలిసిన సంచి ఒకటి తీసుకోండి. మన దగ్గర ఏ సంచి విప్పినా అంతే కాబట్టి వెతుక్కునే పని లేదు. అందులో గుప్పెడు తీసి కాలువ పక్క మడిలో చల్లండి, ఇంకో గుప్పెడు నీళ్లందని చివరి మడిలో. మొదటి మడిలో అన్ని మొక్కలకూ ఒకటే నీరు, ఒకటే ఎరువు. అక్కడ ఒకటి పొడుగు, ఇంకోటి పొట్టి ఎందుకయ్యాయంటే విత్తనం వల్లే. రెండో మడిలోనూ అంతే. కానీ మొదటి మడి సగటుకీ రెండో మడి సగటుకీ తేడా ఎందుకొచ్చింది? నీళ్ల వల్ల. మడి లోపలి తేడా విత్తనానిది, మడికీ మడికీ మధ్య తేడా నీళ్లది. నాయనమ్మ తరం చివరి మడి, మావాడిది కాలువ పక్క మడి. ఇంత ఎత్తు పెరిగామని విత్తనాన్ని మెచ్చుకుంటూ కూర్చుంటే కాలువ తవ్వినవాడికి నవ్వొస్తుంది. కులం పేరు చెప్పి 'మా వాళ్లకు చదువు సహజంగా అబ్బుతుంది' అనేవాళ్లు కూడా ఎన్ని తరాలుగా కాలువ పక్కనున్నారో ఒక్కసారి లెక్కేసుకోవాలి.

పైగా ఆ 'సగానికి పైగా' అన్న అంకె కూడా అన్ని ఇళ్లలో ఒకటి కాదు. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం అమెరికాలో ఏడేళ్ల కవలల్ని చూస్తే, కలిగిన ఇళ్లలో తేడాలు చాలావరకు జన్యువుల లెక్కలోకి వచ్చాయి. బాగా పేద ఇళ్లలో జన్యువుల వాటా దాదాపు సున్నా, అరవై శాతం దాకా ఇంటి పరిస్థితులదే. ఎండిన మడిలో మంచి విత్తనమైనా చెడ్డ విత్తనమైనా జానెడే పెరుగుతుంది.

బావమరిది మంచి ప్రశ్నే ఇంకోటి వేశాడు. మరి ఇప్పుడు కొన్ని దేశాల్లో ఐక్యూ తగ్గుతోందట కదా? చదువుకున్నవాళ్లు పిల్లల్ని తక్కువగా కనడం వల్లే అది అంటారు కదా? నార్వేలో బ్రాట్స్‌బర్గ్, రోగెబర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే చూశారు. 1962 నుంచి 1991 దాకా పుట్టిన ఏడు లక్షలకు పైగా మగవాళ్ల సైనిక పరీక్షల లెక్కలు వాళ్ల చేతిలో ఉన్నాయి. 1970ల నడుమ పుట్టినవాళ్ల దాకా పెరిగి, తర్వాత తగ్గుముఖం పట్టింది. వాళ్లు చేసిన తెలివైన పని, అన్నదమ్ముల్ని పక్కపక్కన పెట్టి చూడటం. అదే అమ్మ, అదే నాన్న. ముందు పుట్టినవాడికీ వెనక పుట్టినవాడికీ మధ్య కూడా అదే పెరుగుదల, అదే తగ్గుదల. ఎవరు ఎంతమందిని కన్నారన్న దానితో పనే లేదు. ఎక్కించింది పరిసరాలే, దించుతున్నదీ పరిసరాలే. దించుతున్నది బడా, ఫోనా, చదివే అలవాటు పోవడమా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. బావమరిది ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అది వాదన ఒప్పుకున్నట్టో, భోజనానికి లేవడమో తెలియలేదు.

పరిసరాలంటే తిండీ బడీ మాత్రమే కాదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో తమిళనాడు చెరకు రైతులు 464 మందికి కోతకు ముందొకసారి, కోత డబ్బు చేతికొచ్చాక ఒకసారి ఒకే రకం పరీక్ష పెట్టారు. అదే రైతు, డబ్బుకి కటకటగా ఉన్నప్పటికంటే చేతిలో డబ్బున్నప్పుడు బాగా చేశాడు. అది చదివాక నాకు మా సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ గుర్తొచ్చాడు. జూన్ నెలలో కూతురి పుస్తకాల డబ్బు కోసం తిరుగుతూ మోటార్ ఆపడం మర్చిపోయి, ట్యాంకు పొర్లించి, కమిటీ చేత 'బుర్ర లేదా నీకు' అనిపించుకున్నాడు. ఆ కూతురికి ఇప్పుడు ఐదేళ్లు. మెట్లకింద గది, పక్కనే జెనరేటర్. పొద్దునపూట అంగన్‌వాడీకి వెళ్తుంది, గుడ్డు పెట్టిన రోజు వచ్చి అందరికీ చెప్తుంది.

చివరగా సీసం, పిల్లల మెదడును దెబ్బతీసే లోహం. 2000 దాకా మన దేశంలో పెట్రోల్‌లో సీసం కలిపేవారు. పంజాగుట్ట, అమీర్‌పేట ట్రాఫిక్‌లో 90లలో మా మామయ్య పిల్లలు పీల్చిన గాలి అదే. అమెరికాలో ఆ పెట్రోల్ పొగవల్ల మొత్తం మీద 82 కోట్ల ఐక్యూ పాయింట్లు పోయాయని 2022లో లెక్కగట్టారు. పెట్రోల్‌లోంచి పోయింది కానీ సీసం ఎక్కడికీ పోలేదు. పాత బ్యాటరీలు కరిగించేచోట ఉంది, కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో ఉందని మన హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లే పరీక్షించి చెప్పారు. 2020లో యూనిసెఫ్ లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఉండకూడనంత సీసం ఉంది. ఇంత వరకైతే ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదు దానికి లేదు. ఇంకా ఎక్కడుందంటే, పెయింటులో. ముఖ్యంగా మెరిసే పసుపు, ఎరుపు రంగుల్లో.

ఇళ్లకు వేసే పెయింటులో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని 2017 నవంబర్ నుంచి రూలు అమల్లో ఉంది. ఫ్యాక్టరీలకు వాడే రంగులకు అది వర్తించదు. కిందటి నెల అసోసియేషన్ మీటింగులో పిల్లల పార్కుకి రంగులు వేయించే విషయం వచ్చింది. ఎవరో బాలానగర్ నుంచి ఇండస్ట్రియల్ ఎనామెల్ చవగ్గా తెస్తానన్నారు. నేను లేచి, డబ్బా మీద సీసం సంగతి రాసి ఉన్నదే కొందాం అన్నాను. ట్రెజరర్ గారు, ఆ ఆదివారం ఇద్దరు పిల్లలకూ వేలిముద్రలు తీయించిన ఆయనే, చేతిలో క్యాలిక్యులేటర్‌తో తలెత్తారు.

"ఎంత ఎక్కువవుతుందండీ?"

"మొత్తం మీద రెండు వేలు."

"అబ్బో. వచ్చే మీటింగులో చూద్దాం."

వచ్చే మీటింగుకి ముందే రంగు వేసేశారు. నిమ్మపండు పసుపు, భలే మెరుస్తోంది. మా పిల్లలు స్కూలు నుంచి వచ్చి ట్యూషన్‌కి పోతారు కాబట్టి అక్కడ ఆడేది తక్కువే. మధ్యాహ్నం మూడింటికి, పార్కులో ఎవరూ లేనప్పుడు, వాచ్‌మన్ కూతురు ఆ జారుడుబల్ల మీంచి జారి, పెచ్చులూడిన చోట గోటితో గీకి, ఆ చేత్తోనే బిస్కెట్ తింటోంది.